లిడియా మేడం ఇత్తడి బిళ్ళలు

రోజూ పొద్దున ప్రార్థన ముగించి లేవగానే లిడియా చేసే మొదటి పని బిళ్ళలు తోమడం. ముందురోజు పులుసు పిసకగా మిగిలిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు, చిరిగిన బనియను ముక్క. సరంజామా అంతే. బెల్లంపల్లిలో బొగ్గు గనుల కంపెనీ పాత క్వార్టర్ల వెనక వీధిలో వాళ్ల ఇల్లు. వాకిట్లో పీట వేసుకొని, సత్తు గిన్నెలోని నలభై రెండు ఇత్తడి బిళ్ళలను ఒక్కొక్కటే రుద్ది, కడిగి, తువ్వాల మీద ఆరబెట్టేది. గుండ్రటి బిళ్ళలు. పైన ఒక రంధ్రం, నడుమ గుద్దిన అంకె.

పక్కింటి బాలవ్వ గోడ మీదుగా చూసి, "అయిందా మేడం, నీ బంగారం దోముడు?" అనేది. తమ ఇంట్లో పులుసు చేసిన రోజు మాత్రం ఆ పిప్పిని మోదుగాకులో పెట్టి, అడగకుండానే గోడ మీద ఉంచి పోయేది. భర్త రాజ్‌కుమార్‌కు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. పనికి పోతూ బట్టతల తడుముకొని, "గా చింతపండు జర దీనిక్కూడ పెట్టు. మెరిస్తె గిరాకన్న వస్తది" అనేవాడు. లిడియా నవ్వేది కాని చెయ్యి ఆపేది కాదు. ఎనిమిదిన్నరకల్లా ఆ బిళ్ళలు గుడ్డసంచిలో గలగలమంటూ ఆమె వెంట బడికి బయలుదేరేవి.

అవి ఆమె తండ్రి ఫిలిప్ ఇచ్చి పోయినవి. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. ఫిలిప్ బాయిలోకి దిగేవాడు కాదు. పైన, ల్యాంపు రూము కిటికీ దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు తన నెంబరు బిళ్ళ ఇస్తే, దాన్ని గోడకున్న మొలకు తగిలించి, తలకు పెట్టుకునే దీపం ఇచ్చేవాడు. పైకి వచ్చాక దీపం అప్పజెప్తే బిళ్ళ తిరిగి చేతికి వచ్చేది. మొల మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అందరూ ఇళ్లకు పోయినా సరే, ఒక్క బిళ్ళ మిగిలితే ఫిలిప్ ఆ కిటికీ మూసేవాడు కాదు.

ఒకసారి నూట పదిహేడో నెంబరు బిళ్ళ మిగిలింది.

"వాడెప్పుడో ఇంటికి పోయి అన్నం తింటుంటడు ఫిలిప్. బిళ్ళ మర్చిపోయిండు. తాళమెయ్యి" అన్నాడట సూపర్‌వైజరు.

"దీపం రాలే సారు. దీపం రాకుంటే మనిషి రానట్టే" అని ఫిలిప్ స్టూలు మీద కూర్చున్నాడు. ఎంత కసిరినా లేవలేదు. చివరికి విసుక్కుంటూనే ఇద్దరిని లోపలికి పంపారు. కూలిన బండ కింద కాలు ఇరుక్కొని, అరిచి అరిచి గొంతు పోయి ఉన్నాడు గట్టయ్య అనే యువకుడు. కాలు కుంటిదయింది కాని మనిషి దక్కాడు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ గట్టయ్య ఒక కోడిపుంజును చంకన పెట్టుకొని ఫిలిప్ ఇంటికి వచ్చేవాడు. ఫిలిప్ పోయాక ఆ పుంజు లిడియా ఇంటికి రాసాగింది. చర్చిలో పాస్టరు తప్పిపోయిన గొర్రె గురించి చెప్పినప్పుడల్లా లిడియా కళ్ల ముందు గొర్రెల కాపరి మెదిలేవాడు కాదు. స్టూలు మీద కదలకుండా కూర్చున్న తండ్రి మెదిలేవాడు.

బాయి మూతపడి ల్యాంపు రూము సామాను తుక్కుకు పోతున్నప్పుడు అధికారి ఒకాయన, "నీకు గుర్తుగా ఏం గావాలె ఫిలిప్?" అని అడిగితే, ఆయన ఒక సంచెడు బిళ్ళలు అడిగి తెచ్చుకున్నాడు. అందులో నూట పదిహేడు కూడా ఉంది.

లిడియా రైలు పట్టాల అవతలి ఇంగ్లిష్ మీడియం బడిలో పందొమ్మిదేళ్లుగా ఏడో తరగతికి ఇంగ్లిష్ చెబుతోంది. ఫీజు తక్కువ బడి. కాంట్రాక్టు కూలీల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు, కిరాణా కొట్ల పిల్లలు. ఒకరింట్లో తెలుగు, ఒకరింట్లో ఉర్దూ, ఒకరింట్లో గోండి, మరొకరింట్లో మరాఠీ. ఇంగ్లిష్ మాత్రం ఎవరింట్లోనూ లేదు. మొదటి సంవత్సరమే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటే పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడరు, మాట్లాడటమే మానేస్తారు.

అప్పుడే ఆమె ఒక చెక్కపలకకు నలభై రెండు మొలలు కొట్టించి నల్లబల్ల పక్కన పెట్టింది. ఒక్కో పిల్లకు ఒక్కో బిళ్ళ ఇచ్చింది. ఇంగ్లిష్ మాట అందనివాళ్లు లేచి, తమ బిళ్ళను మొలకు తగిలించి, చెప్పాలనుకున్నది ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పవచ్చు. ఎవరూ నవ్వకూడదు. తర్వాత తరగతి అంతా కలిసి దానికి ఇంగ్లిష్ వెతకాలి. దొరికిన వాక్యాన్ని ఆ పిల్ల తన నోటితో చెప్పాక బిళ్ళ తిరిగి ఇచ్చేది.

"బిళ్ళ ఇచ్చి దీపం తీసుకున్నట్టురా. దీపం లేకుండ లోపలికి దిగొద్దు. బిళ్ళ తీసుకోకుండ ఇంటికి పోవద్దు" అని ప్రతి జూన్‌లోనూ కొత్త పిల్లలకు చెప్పేది.

గంట కొట్టాక ఏ బిళ్ళయినా మొల మీద మిగిలితే లిడియా కదిలేది కాదు. ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చునేది. ఒక్కోసారి పావుగంట, ఒక్కోసారి ముప్పావుగంట. ఆ పిల్లను గేటు దాటించాకే తన చెప్పులు వేసుకునేది.

అలా కూర్చోబెట్టి నేర్పిన పిల్లల్లో స్పందన ఒకతె. గట్టయ్య కూతురు. ఏడో తరగతిలో ఆరు నెలలు నోరు విప్పని పిల్ల. లిడియా ఆమెకు కావాలనే నూట పదిహేడో బిళ్ళ ఇచ్చింది. ఒకరోజు స్పందన లేచి బిళ్ళ తగిలించి, "మా బాపు కుంటుకుంట నడుస్తడు కని, నాకంటె ముందుగాల పోతడు" అంది. ఆ ఒక్క మాటకు ఇంగ్లిష్ వెతకడానికి తరగతికి పీరియడ్ మొత్తం పట్టింది. చివరికి స్పందన ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పూర్తిగా చెప్పింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. లిడియా ఆ సాయంత్రం ఇంటికి పోయి తండ్రి ఫొటో ముందు ఒక నిమిషం నిలబడింది.

స్పందన కరీంనగర్‌లో బి.ఇడి. చేసి వచ్చాక, కరస్పాండెంటు పరశురాములు సారు దగ్గరికి లిడియానే వెంటబెట్టుకొని పోయింది. "నా చేతుల మీద పెరిగిన పిల్ల సారు. నా మాట మీద తీసుకోండ్రి" అని చెప్పింది. రెండేళ్లు ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బా విప్పుకొని తిన్నారు. లిడియాకు చికున్‌గున్యా వచ్చి వేళ్లు ముడుచుకోలేకపోయినప్పుడు స్పందన పదకొండు రోజులు పొద్దున్నే వచ్చి జొన్న గట్క తినిపించి, తల దువ్వి జడ వేసి పోయింది. "నా బిడ్డ ఉంటే గింతే చేస్తుండె" అని లిడియా బాలవ్వతో చెప్పుకొని కళ్లు తుడుచుకుంది.

ఈ సంవత్సరం జూన్‌లో వనిత బడిలో చేరింది. తండ్రి అంబదాస్ ఓపెన్‌కాస్టు గని దగ్గర నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. భైంసా అవతలి పల్లె వాళ్లది, ఇంట్లో మరాఠీ. వనితకు తెలుగే సరిగ్గా రాదు, ఇక ఇంగ్లిష్ ఎక్కడ. నాలుగు రోజులు ఆ పిల్ల లేవడం, బిళ్ళ తగిలించడం, ఏమీ అనకుండా నిలబడటం. నాలుగు రోజులూ లిడియా సాయంత్రం ఆమె పక్కన ఊరికే కూర్చుంది. ఐదో రోజు వనిత మొల వైపే చూస్తూ, "మాఝీ ఆజీ గేలీ" అంది.

తరగతిలో ఎవరికీ అర్థం కాలేదు. బడి ఆయా రామవ్వ పుట్టిల్లు భైంసా దిక్కే. వరండా ఊడుస్తున్న మనిషిని లిడియా పిలిపించింది. రామవ్వ విని, చీపురు కింద పెట్టేసింది. "వాళ్ల బాపమ్మ సచ్చిపోయిందంట మేడం. గామెనే పెంచిందంట" అని, వనిత చెంపలు తన కొంగుతో తుడిచింది. లిడియా ఆ మాటను ముందు తెలుగులో పిల్లలకు చెప్పింది. పిల్లలు ఇంగ్లిష్ వెతికారు. "మై గ్రాండ్‌మదర్ ఈజ్ గాన్. ఐ మిస్ హర్." వనిత దాన్ని రెండుసార్లు చెప్పింది. బిళ్ళ తీసుకొని గుప్పిట్లో పెట్టుకొని కూర్చుంది.

ఆ రోజు గది వెనక స్పందన ఫోను పట్టుకొని నిలబడి ఉంది. "మీ క్లాసు జర వీడియో తీసుకుంట మేడం. ఇంటికాడ చూసి నేర్చుకుంట" అని ముందే అడిగింది. లిడియా తరగతిలో వీడియో తీసుకున్న మనిషి అంతకుముందూ ఆ తర్వాతా మరొకరు లేరు.

ఆగస్టులో పరశురాములు సారు తల్లిదండ్రుల మీటింగు పెట్టాడు. అప్పటికి మంచిర్యాల పెద్ద బడి పసుపు బస్సు బెల్లంపల్లి వీధుల్లో తిరగడం మొదలై, ఇరవై మంది పిల్లలు అటు పోయారు. సారు చెడ్డవాడు కాదు. వానకు తడిసి వచ్చిన పిల్లలకు తన గదిలో హీటరు పెట్టించే మనిషి. కాని ఆ బస్సు హారను వినబడితే చాలు, ఆయన మాట మధ్యలో ఆగిపోయేది. రేపటి నుంచి బడి ఆవరణలో ఇంగ్లిష్ తప్ప ఇంకో మాట వినబడదని ఆయన అందరికీ చెప్పాడు. "ఇన్నేండ్లు మన దగ్గర ఎట్ల జరిగిందో కూడ మీరే చూడుండ్రి" అంటూ గోడ మీద వీడియో వేయించాడు.

వనిత లేచింది. బిళ్ళ తగిలించింది. మరాఠీలో అంది. రామవ్వ చీపురు పట్టుకొని వచ్చింది. లిడియా తెలుగులో మాట్లాడింది. వీడియో అక్కడ ఆగిపోయింది.

"గిందుకేనా మనం ఇంగ్లిష్ మీడియం ఫీజు కట్టేది?" అన్నాడొకాయన.

"ఊడ్చేటామెనే చెప్తున్నది గదనే పాఠం" అని వెనక నుంచి ఇంకొకరు. "మరాఠీ నేర్చుకోవాల్నంటే భైంసాకే పోదుము, కిరాయన్న కలిసొస్తది." హాలంతా నవ్వారు. వెనక వరుసలో అంబదాస్ తల వంచుకొని కూర్చున్నాడు. వాళ్లు నవ్వింది ఆయన తల్లి చావు మీద.

లిడియా లేచి, "దీని తర్వాత ఇంక జర ఉంటది సారు. పిల్ల ఇంగ్లిష్‌ల చెప్తది" అంది. ఆమె గొంతు ముందు వరుస కూడా దాటలేదు. స్పందన వైపు చూసింది. స్పందన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది.

ఆ సాయంత్రం రాజ్‌కుమార్ అంతా విని అడిగాడు. "స్పందన ఫోన్ల ఉన్న వీడియో, స్పందన ఇయ్యకుంటె నడుచుకుంట పోయిందా?"

"ఎట్లనో పోయి ఉంటది. ఫోన్ల సంగతి మనకేం ఎరుక."

"సగానికి కోసింది గూడ ఫోనేనా?"

 రాజ్‌కుమార్ లేచి పోయి చాయ్ పెట్టుకొచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి ప్రార్థనలో ఆమె స్పందన పేరు ఎప్పటిలాగే తలచుకుంది.

మరుసటి వారం లిడియాను రెండో తరగతికి మార్చారు. ఏడో తరగతి ఇంగ్లిష్ స్పందనకు ఇచ్చారు. ఎవరో కొత్తవాళ్ల చేతిలో పెట్టనందుకు లిడియా దేవునికి కృతజ్ఞతే చెప్పుకుంది. బిళ్ళల సంచి తీసుకుపోయి స్పందన చేతుల్లో పెట్టింది.

"వీడియో సంగతి మనసుల పెట్టుకోకు బిడ్డా. గవి ఎట్లనో పోతయ్. పిల్లలను చూసుకో. ఇగ రోజు దోముడు గూడ నీ పనే."

స్పందన సంచిని రెండు చేతులతో అందుకుంది. "సరే మేడం" అంది. సంచి ముడి విప్పి చూడలేదు.

తెల్లారి ప్రార్థన అయ్యాక లిడియా అలవాటుకొద్దీ పీట వేసుకొని కూర్చుంది. బాలవ్వ గోడ మీద పెట్టిన చింతపండు పిప్పి మోదుగాకులోనే ఎండిపోయింది.

పది రోజులు గడిచాయి. కుళాయి దగ్గర లిడియా ఏడో తరగతి పిల్ల ఒకతె మెడలో దారానికి కట్టిన ఇత్తడి బిళ్ళ చూసింది. మసిబారి నల్లబడి ఉంది. "గిదేంది బిడ్డా?" అని అడిగితే ఆ పిల్ల నోటి మీద వేలు పెట్టుకొని పరుగెత్తింది.

రామవ్వ చెప్పింది. పొద్దున ఎవరి నోటి నుంచి ఇంటి మాట వస్తే బిళ్ళ వాళ్ల మెడలో పడుతుంది. వాళ్లు ఇంకొకరిని పట్టిస్తే అది వాళ్ల మెడకు మారుతుంది. ఆఖరి గంటకు ఎవరి మెడలో ఉంటే వాళ్లు గది ఊడ్చి పోవాలి. మిగతా నలభై ఒక్క బిళ్ళలూ బీరువాలో ఉన్నాయి. "పోరగాండ్లు ఒకల మీద ఒకలు నిఘా పెడుతున్నరు మేడం. ఆటల గూడ నోరు తెరుస్తలేరు" అంది రామవ్వ.

లిడియా వరండా మెట్ల మీద కూర్చుండిపోయింది. రామవ్వ నీళ్లు తెచ్చి ఇచ్చి, ఆమె తాగేదాకా గ్లాసు కోసం అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం లిడియా స్పందనను అడిగింది. స్పందన నోటుబుక్కుల మీది నుంచి తల ఎత్తకుండానే, "సారు చెప్పిన్రు మేడం. భయముంటేనే మాట వస్తది" అంది. ఆ రోజు నుంచి ఇద్దరి టిఫిన్ డబ్బాలు వేరయ్యాయి.

దసరా సెలవులు దగ్గర పడుతున్న ఒక సాయంత్రం, రెండో తరగతి పిల్లొకతె వాంతి చేసుకుంటే, తల్లి వచ్చేదాకా లిడియా ఆగవలసి వచ్చింది. ఆమె బయటపడేసరికి ఐదున్నర. స్పందన స్కూటీ లేదు. పెద్ద తరగతుల వరండా గ్రిల్లుకు తాళం పడింది. ఆవరణలో నడుస్తూ అలవాటుగా ఏడో తరగతి కిటికీలోంచి మొలల పలక వైపు చూసింది. మొలలన్నీ ఖాళీ. చూపు తిప్పుకోబోతూ ఆగింది. ఆఖరి బెంచీ మీద, ఒళ్లో సంచి పెట్టుకొని, వనిత కూర్చొని ఉంది.

గది ఊడ్చి ఉంది. చీపురు మూలన ఆనించి ఉంది.

"రామవ్వ తాళమేసేటప్పుడు పిలువలేదా బిడ్డా?"

పిలిచింది అన్నట్టు వనిత తల ఊపింది.

"మరి ఎందుకు పలకలే?"

వనిత కిటికీ దగ్గరికి వచ్చి మెడలోని బిళ్ళ పట్టుకుంది. లిడియా కిటికీ చువ్వల్లోంచి చేతులు పెట్టి ఆ దారాన్ని తల మీదుగా తీసేసింది. అప్పుడు ఆ పిల్ల, ఈ మూణ్ణెల్లలో నేర్చుకున్న తెలుగులో, చాలా మెల్లగా చెప్పింది.

"ఇంగ్లిష్‌ల ఎట్ల పిలువాల్నో యాదికి రాలే మేడం. తెలుగుల పిలిస్తె రేపు గూడ నాకే ఏస్తరు."

లిడియా చేతిలోని బిళ్ళ తిప్పి చూసింది. మసి కింద నూట పదిహేడు.

లిడియా కేక వేస్తే పక్క సందులోనే ఉండే రామవ్వ తాళంచెవితో పరుగెత్తుకొచ్చింది. "'ఎవలన్న ఉన్నరా' అని ఒర్లిన మేడం, నా పిల్లల మీద ఒట్టు" అని నెత్తి కొట్టుకుంది. ఇంట్లోంచి తన మనవడికి దాచిన కొబ్బరి లడ్డు తెచ్చి వనిత చేతిలో పెట్టింది. లిడియా ఆ పిల్లను ఇంటిదాకా దిగబెట్టింది.

మరునాడు పరశురాములు సారు అంతా విని, ముందు చాయ్ తెప్పించాడు. "పిల్ల సప్పుడు జెయ్యకపాయె. ఎవలను అనాలె చెప్పుండ్రి?" అన్నాడు.

"ఆ బిళ్ళ తీసేయించుండ్రి సారు."

"ఎట్ల తీస్త మేడం? తల్లిదండ్రులకు పంపిన గా బిళ్ళ ఫొటో చూసే నలుగురు పిల్లలు వాపసొచ్చిన్రు." ఆయన తన కప్పు పక్కకు జరిపాడు. "నా మీద కోపం పెట్టుకోకుండ్రి. వీడియో నేనడగలే. స్పందననే తెచ్చిచ్చింది, మీరు మారుతరని. కోసింది గూడ ఆమెనే. పొడుగుంటే ఎవరు చూడరన్నది."

లిడియా చాయ్ కప్పు బల్ల మీద పెట్టింది. వీడియో ఎట్లనో పోయి ఉంటుందని ఇన్నాళ్లు తన మనసుకు తానే చెప్పుకున్న మాట, సారు ఒక్క మాటతో అబద్ధమైపోయింది.

బయట అంబదాస్ నిలబడి ఉన్నాడు. టీసీ కోసం వచ్చాడు. "పోరి రానంటుంది మేడం. భైంసాల మామ ఇంటికాడ ఉంచుత. పత్తి ఏరే కాలమొస్తుంది, ఆయనకు గూడ చెయ్యి సాయం" అన్నాడు. అతని మాటలో కోపం లేదు. "మీరు మంచోళ్లు. మా అమ్మ కోసం ఏడ్వనిచ్చిన్రు దాన్ని."

ఆ పత్తి చేలోకి ఒకసారి పోయిన పిల్ల మళ్లీ బడికి రాదని లిడియాకు తెలుసు. "సెలవులకు ఇంక ఎనిమిది రోజులున్నయ్ అన్న. గా ఎనిమిది రోజులు పంపు. ఒక్కదాన్ని విడిచిపెట్టకుండ చూసే పూచీ నాది. అప్పటికి గూడ వద్దంటే నేనే టీసీ రాయించి ఇస్త."

అంబదాస్ చేతిలోని అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ మాట మీద" అన్నాడు.

కాని ఏడో తరగతి గది ఆమెది కాదు. రెండో తరగతికి మూడున్నరకే గంట కొడతారు. ఆ తర్వాత పెద్ద తరగతుల వైపు ఆమె పోకూడదని సారు వీడియో తర్వాత రాతపూర్వకంగానే ఇచ్చాడు. నిన్న సాయంత్రం వాంతి చేసుకున్న పిల్ల పుణ్యాన ఆమె అక్కడ ఉంది. పూచీ పడింది తను, నిలబెట్టవలసింది స్పందన.

ఆ సాయంత్రమే లిడియా గట్టయ్య ఇంటికి పోయింది. గట్టయ్య గడప ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు.

"రా చెల్లె, రా. తొవ్వ తప్పినవా ఏంది? మా బిడ్డ నీ పేరు చెప్పక చాన రోజులాయె, కొట్లాడిన్రా ఇద్దరు?" అని నవ్వాడు. "కూసో. ఇంట్ల పాలు లెవ్వు, గిప్పుడే తెస్త." వద్దన్నా వినకుండా చెంబు పట్టుకొని బయలుదేరాడు. కుంటుకుంటూనే, ఎప్పటిలా చకచకా, సందు మలుపు తిరిగిపోయాడు.

స్పందన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లిడియా కొంగు ముడి విప్పి బిళ్ళ తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. నిన్న రాత్రే దాన్ని తోమింది.

"ఇన్నిట్ల గిదే ఎందుకు తీసినవ్?"

"నాది గద అని చెయ్యి దాని మీదికే పోయింది మేడం." స్పందన వీధి వైపు చూసింది. "బాపుకు చెప్తరా?"

"చెప్ప."

ఆ మాటతో స్పందన ముఖం ముడుచుకుపోయింది. తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది. ఒక్కసారిగా అంది. "కరీంనగర్‌ల పెద్ద బడికి ఇంటర్వ్యూకు పోయిన, మీకు చెప్పలే. వాళ్లు అడుగుతుంటే నా పెదవులు ముందుగాల తెలుగుల కదులుతుండె. మాట అయినంక ఇంగ్లిష్ వస్తుండె. ముగ్గురు కూసున్నరు, ముగ్గురు నవ్విన్రు. ఒకామె 'దేవుని ముందర మంత్రం చదువుతున్నవా' అన్నది. మీరు నేర్పిన ఇంగ్లిష్ ఎన్కల ఎప్పుడు తెలుగు ఉంటది మేడం. నా లెక్క ఇంకొకరు కావద్దనే ఇచ్చిన వీడియో. నాకేం ఒరగలే దాంతోని."

లిడియా ఆ మాట విని గోడకు ఆనుకుంది. స్పందన అబద్ధం చెప్పడం లేదు. ఆ ముగ్గురూ నవ్విన చోట తను లేదు. తన బిళ్ళ అక్కడిదాకా పోలేదు. "నవ్విన్రని నాకొచ్చి చెప్తే అయిపోవు గద బిడ్డా" అంది. "జడేసినవ్. గట్క తినిపించినవ్. గీ ఒక్కటి ఎందుకు చెప్పలే?"

స్పందన కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు వీడియోల కోసిన ముక్క ఉన్నది చూడు, గందులనే ఆ పిల్ల దీపం తీసుకున్నది. గది నువ్వు చూసినవ్, నీ చేతుల్తోనే తీసినవ్. గందుకే నాకు నిద్ర పడుతలేదు."

వీధిలో గట్టయ్య ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినబడింది. లిడియా గోడ వదిలి కొంగు సర్దుకుంది.

"నీ రూలు తియ్యమని చెప్పనీకి నాకు క్లాసు లేదు. సారుకు చెప్పిన, వినలే. తీసుడో ఉంచుడో నీ ఇష్టం" అంది. "ఒక్కటి చెయ్యి స్పందనా. ఆఖరి గంటకు బిళ్ళ ఎవల మెడల ఉంటదో, ఆ పిల్ల గేటు దాటేదాక నువ్వు బండి తియ్యకు. గదిల ఒక్కదాన్ని విడిచి పోకు. ఎనిమిది రోజులే అడుగుతున్న. మీ బాపు కోసం మా బాపు స్టూలు మీద కూసున్నట్టు, నువ్వు గూడ ఆ పిల్ల పక్కన కూసో. గింత చేసి పెట్టు నాకు."